మూడు ‘వద్దు’లు

ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో సెలవులకి ఊరెళ్ళినప్పుడు మా నాయనమ్మని ఒక ప్రశ్న అడిగాను. “నాయనమ్మా, నువ్వసలు ఏం నమ్ముతావు?” అప్పుడప్పుడే నాస్తికత్వం మీద నాలుగు పుస్తకాలు చదివి ఉన్నాను. త్రిత్వం గురించో పునరుత్థానం గురించో ఆమె ఏదో ఒకటి అంటే వాదన పెట్టుకుందామని నా ఆశ. ఆమె చాటలో బియ్యం ఏరుకుంటూ తల ఎత్తకుండానే అంది: “నమ్మేదేందిరా? ఒక ఆదివారం నేను గుళ్ళో కనపడకపోతే పొద్దుగూకేలోపల నలుగురొచ్చి తలుపు కొడతారు. ఏమైంది పెద్దమ్మా అంటారు. ఇంకేం కావాల?”

ప్రశ్న అర్థం కాక పక్కదారి పట్టించిందనుకున్నాను. అర్థం కానిది నాకని తెలియడానికి పదిహేనేళ్ళు పట్టింది. అందుకు కారణం రెండు పుస్తకాలు. ఒకటి 1899లో ఇంగ్లీషులో వచ్చిన ‘వైల్ సోయింగ్ శాండల్స్’, అంటే ‘చెప్పులు కుడుతూ’. రాసింది ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ. రెండోది 2000లో వచ్చిన జి. కళ్యాణరావు నవల ‘అంటరాని వసంతం’. ఒకటి మిషన్ బంగళాలో పుట్టిన పుస్తకం, ఇంకోటి విరసం రచయిత పుస్తకం. వందేళ్ళ తేడాతో ఇద్దరూ చూసింది దాదాపు ఒకే నేలని, ఒకే కరువుని, ఒకే మనుషుల్ని. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చదివినప్పుడు నాకొచ్చిన ఆలోచనలే ఈ వ్యాసం. “ఒకే విశ్వాసం మనల్ని ఒకటి చేసింది” అని ప్రతి ఆదివారం ప్రతి చర్చిలోనూ వినిపించే మాట ఎంతవరకు నిజం, ఏ పద్ధతిలో నిజం అన్నది నా ప్రశ్న.

*

ముందు మాట గురించి ఒక మాట. తెలుగు బైబిల్లో చర్చికి వాడిన పదం ‘సంఘము’. గ్రీకులో దానికి మూలమైన మాటకి ‘పిలిస్తే వచ్చి కూడిన జనం’ అని అర్థం. కట్టడంతో దానికి సంబంధం లేదు. మన ఊళ్ళలో కట్టడాన్ని గుడి అనో చర్చి అనో అంటారు, మనుషుల్ని మాత్రం సంఘం అంటారు. అదే మాట 1940ల తెలంగాణలో దొరల మీద తిరగబడ్డ జనానికి పేరైంది. కూలీలు, కార్మికులు, మహిళలు కూడినా సంఘమే. నమ్మకంతో కూడిన గుంపుకీ, హక్కు కోసం కూడిన గుంపుకీ తెలుగులో ఒకటే పేరు. ‘అంటరాని వసంతం’లో ఒక కుటుంబం తరతరాలుగా మొదటి సంఘం నుంచి రెండో సంఘానికి నడుస్తుంది. ఎమ్మా క్లౌ పుస్తకం మొదటి సంఘం దగ్గరే ఆగిపోతుంది. రెండు పుస్తకాలకీ మధ్య ఉన్న దూరం ఈ ఒక్క పదం లోపలే ఉంది.

ఎమ్మా క్లౌ పుస్తకాన్ని మిషనరీ సాహిత్యం అని పక్కన పెట్టేయడం తేలిక. పేరు కింది ఉపశీర్షికలోనే ‘పరయా తెగ’ అనే మాట ఉంది. దూరం నుంచి వచ్చిన తెల్లామె ఒక జాతిని నమూనాలా చూస్తున్న భావన మొదటి పేజీల్లో కలుగుతుంది. కానీ ఆమెకి చెవులున్నాయి. చెప్పులు కుడుతూ మాదిగలు చెప్పుకున్న కథల్ని విని రాసింది. మాతంగి గురించి, పోతులూరి వీరబ్రహ్మం గురించి, నాసరయ్య మార్గం గురించి, పల్లెల్లో తిరిగిన గురువుల గురించి పేజీలకి పేజీలు ఇచ్చింది. క్రీస్తు రాకముందు ఈ మనుషుల దగ్గర ఏమీ లేదని ఆమె అనలేదు. ఒంగోలు ప్రాంతంలో మొదటగా నమ్మినవాళ్ళలో ఒకడైన యెర్రగుంట్ల పేరయ్య తోళ్ళ వ్యాపారి. బాప్తిస్మానికి ముందే రాజయోగం నేర్చినవాడు. 1866లో ఆయన, ఆయన భార్య నాగమ్మ బాప్తిస్మం తీసుకున్నారు. దొర వచ్చి చెబితే విన్నవాడు కాదు పేరయ్య, వెతుక్కుంటూ ఎదురెళ్ళినవాడు. ఆ తర్వాత పల్లె పల్లె తిరిగి చెప్పింది ఆయనలాంటివాళ్ళే. చాలామంది మొదట విన్నది తెలుగు గొంతునే, అదీ సొంత కులం గొంతుని.

ఆ పల్లెల్లో కొత్తగా చేరేవాళ్ళకి పెట్టిన నియమాలు మూడు. ఆదివారం పని చేయొద్దు. చచ్చిన పశువు మాంసం తినొద్దు. విగ్రహాలకి మొక్కొద్దు. ఇంతే.

ఇది మొదటిసారి చదివినప్పుడు నాకు నిరాశ కలిగింది. ఇవి విశ్వాసాలా, హాస్టల్ రూల్సా? త్రిత్వం లేదు, పాపక్షమాపణ లేదు, విశ్వాస ప్రమాణం ఊసు లేదు. మళ్ళీ చదివితే వేరేలా కనిపించింది. ఆనాటి ఊళ్ళో మాదిగ ఏం చెయ్యాలో గుర్తు చేసుకోండి. చచ్చిన గొడ్డుని ఈడ్చుకుపోవాలి. తోలు ఊరి రైతులకి చెప్పులుగా, మోటకి తోలుగా మారి తిరిగి వెళ్ళాలి, మాంసం అతనికి దక్కిన ‘కూలి’. అమ్మవారి జాతరకి డప్పు కొట్టాలి. పిలిచిన పూట, పిలిచిన రోజు వెట్టికి వెళ్ళాలి. వీటికి బదులుగా కళ్ళంలో కాసిని గింజలు. ఇప్పుడు ఆ మూడు ‘వద్దు’ల్ని దీని మీద పెట్టి చూడండి. ఆదివారం రానంటే వెట్టికి ఎదురు చెప్పినట్టు. విగ్రహాలకి మొక్కనంటే జాతరలో డప్పు మోగదు. చచ్చిన పశువు మాంసం వద్దంటే కూలి పేరుతో ఊరు విసిరేసేదాన్ని వద్దన్నట్టు. దేవుడి గురించి చెప్పినట్టున్న మూడు నియమాలూ ఊరితో ఉన్న లెక్కని తెంపుతున్నాయి. ఊరు ఊరుకోలేదు. గింజలు ఆపింది, కొట్టింది, బావి దగ్గరికి రానివ్వలేదు. ఆ బాధలన్నీ ఎమ్మా క్లౌ రాసింది. కాకపోతే వాటిని ‘విశ్వాసానికి పరీక్ష’ అనే పెట్టెలో సర్దేసింది. భూమికీ కూలికీ సంబంధించిన తగాదాగా చూడలేకపోయింది.

నా ఆలోచన అంతా ఇక్కడి నుంచి మొదలవుతుంది. నమ్మకం మనుషుల్ని ఒకటి చేసేది ఒకే అభిప్రాయం వల్ల కాదు. నేను, నా టీమ్‌లో పదిమందిమి, భూమి గుండ్రంగా ఉందని నమ్ముతాం. దానివల్ల మేమేమీ ఒకటి కాలేదు. దానికి ఎవరమూ ఏమీ చెల్లించలేదు కాబట్టి. పల్లెలో నలభై ఇళ్ళవాళ్ళు ఒకే ఆదివారం పనికి రామన్నప్పుడు మాత్రం ప్రతి ఇల్లూ పక్క ఇంటి మీద ఆధారపడింది. ఒక్కరు వెనక్కి తగ్గి డప్పు కొట్టినా మిగతావాళ్ళ తెగువకి విలువ పోతుంది. అందుకే ఆదివారం కనపడకపోతే నలుగురొచ్చి తలుపు కొట్టాలి. నాయనమ్మ చెప్పింది ఇదే. నమ్మకం అంటే ఆమె బుర్రలో ఉన్న వాక్యం కాదు. తలుపు కొట్టేవాళ్ళు ఉన్నారన్న భరోసా, తను కూడా వెళ్ళి కొట్టాలన్న బాధ్యత.

చచ్చిన పశువు మాంసం గురించి ఈ తరం పాఠకులకి ఒక అభ్యంతరం రావచ్చు. పేదవాడి తిండిని మిషనరీలు అసహ్యంగా మార్చలేదా, అది బ్రాహ్మణీకరణ కాదా అని. నాకూ వచ్చింది. కానీ 1927లో మహాడ్‌లో అంబేద్కర్ మహార్లకి చెప్పినవాటిలో ఇదీ ఒకటి: చచ్చిన పశువు మాంసం మానెయ్యండి అని. తను కోరుకుని వండుకునే తిండి వేరు, ఊరు తన స్థానాన్ని గుర్తు చేయడానికి వదిలేసే తిండి వేరు. మొదటిదాన్ని వదులుకోమనడం దౌర్జన్యం. రెండోదాన్ని కాదనడానికి నిబ్బరం కావాలి. ఒంగోలు పల్లెలు ఆ పనిని మహాడ్‌కి యాభై అరవై ఏళ్ళ ముందు చేశాయి. దాన్ని వాళ్ళు బైబిల్ మాటల్లో చెప్పుకున్నారన్న ఒక్క కారణంతో మన సాహిత్య చరిత్రల్లో ఆత్మగౌరవ పోరాటంగా లెక్కకి రాలేదు.

*

ఇక గుండ్లకమ్మ. 1876-78 నాటి ధాత కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకి పని ఇచ్చాడు. మిషనరీ కాకముందు సర్వేయరుగా పనిచేసినవాడు, కొలతలు తెలిసినవాడు. కరువు పనులు నడుస్తున్నంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. అన్నం కోసం మారారన్న మాట పడకూడదని. వానలు పడ్డాక, 1878 జూలై 3న, ఒంగోలు దగ్గర వెల్లంపల్లిలో గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఆరుగురు తెలుగు బోధకులు వంతులు వేసుకుని, ఒకసారికి ఇద్దరు నీళ్ళలో నిలబడి చేశారు.

నాకు లెక్క వేయకుండా ఉండడం చేతకాదు. ఇద్దరు కలిసి 2,222 అంటే ఒక్కొక్కరు 1,111. మధ్యలో విరామం పోను ఎనిమిది, తొమ్మిది గంటలు అనుకుంటే మనిషికి అర నిమిషం. ఈ లెక్కని రెండు రకాలుగా వాడుకోవచ్చు. ‘అర నిమిషంలో ఏం నమ్ముతారండీ, మంద’ అని వెక్కిరించేవాళ్ళు ఉన్నారు. ‘పెంతెకొస్తు దినం మళ్ళీ వచ్చింది’ అని పొంగిపోయేవాళ్ళు ఉన్నారు. ఇద్దరూ అర నిమిషాన్నే చూస్తున్నారు. నది ఒడ్డుకి చేరేముందు ఆ మనుషుల వెనక పదేళ్ళు ఉన్నాయి. పేరయ్యలాంటివాళ్ళు రాత్రిళ్ళు పల్లెల్లో దీపం దగ్గర చెప్పిన మాటలున్నాయి, పెద్దల మంతనాలున్నాయి. కరువులో ఎవరు ఎవరికి గంజి పోశారో, ఎవరు పోయలేదో అన్న జ్ఞాపకం ఉంది. గోధుమనూక కోసం, పాలపొడి కోసం మారారన్న మాట విననివాళ్ళు మా ఊళ్ళలో ఎవరూ లేరు. ఆ మాట అనేవాళ్ళెవరూ ఆకలితో ఉన్నవాడికి బాప్తిస్మం ఇవ్వకుండా ఆపిన నెలల గురించి మాట్లాడరు.

అయితే ఈ కథలో బాప్టిస్టులకే ఇబ్బంది కలిగించే విషయం ఒకటుంది. బాప్టిస్టు సిద్ధాంతం ప్రకారం విశ్వాసం వ్యక్తిగతం. ఎవరికి వారు తెలిసి ఒప్పుకోవాలి, అందుకే పసిపిల్లలకి బాప్తిస్మం ఇవ్వరు. గుండ్లకమ్మలో దిగినవాళ్ళు మాత్రం పల్లెలుగా, చుట్టాలుగా, కలిసి నిర్ణయించుకుని వచ్చారు. సిద్ధాంతం ‘నేను’ అంది, జనం ‘మేము’ అన్నారు. ఆ ‘మేము’ వల్లే సంఘం నిలబడింది. ఒంటరిగా మారినవాణ్ణి ఊరు నలిపేస్తుంది, పల్లె పల్లెంతా మారితే నలపడం కష్టం. కానీ ‘మేము’ అంటే ఎవరు? చుట్టాలు. చుట్టాలంటే కులం. నమ్మకాన్ని మోసుకొచ్చిన దారే కులాన్నీ మోసుకొచ్చింది. మాదిగలు ఒక మిషన్ కింద, మాలలు ఇంకో మిషన్ కింద చేరిన ప్రాంతాలు కోస్తాలో ఎన్నో. మిషన్లు పనిచేసే ప్రాంతాలు పంచుకున్నాయి, కులాలు మిషన్లని పంచుకున్నాయి.

ఇదంతా నాకు పుస్తకాల వల్ల తెలియలేదు. మా ఇంట్లో ఒక సంబంధం దాదాపు కుదిరింది. రెండు కుటుంబాలూ విశ్వాసులే, ఒకే కీర్తనల పుస్తకం, భోజనానికి ముందు ప్రార్థనలో ఒకే రకం మాటలు. కాఫీలు అయ్యాక అవతలి పెద్దాయన చాలా మర్యాదగా, “మీదే మిషనండీ?” అన్నారు. మా నాన్న చెప్పారు. “అలాగా, మంచిదండీ” అన్నారాయన. తర్వాత ఫోన్ రాలేదు. మిషన్ పేరు అడగడం అంటే ఏం అడగడమో గదిలో ఉన్న అందరికీ తెలుసు. ఆ రాత్రి అమ్మ ప్రార్థనలో వాళ్ళ పేర్లు కూడా చెప్పింది, ఎప్పటిలాగే. నాకు కోపమొచ్చింది వాళ్ళ మీదా, అమ్మ మీదా, పౌలు మీద కూడా. గలతీయులకి రాసిన ఉత్తరంలో యూదుడు, గ్రీకువాడు, దాసుడు, స్వతంత్రుడు అన్న తేడాలు పోయాయన్నాడు కదా! అదే పౌలు కొరింథీయుల మీద మండిపడ్డాడు కూడా. ప్రభువు బల్ల దగ్గర ఉన్నవాళ్ళు ముందే తినేసి లేనివాళ్ళని ఆకలితో నిలబెడుతున్నారని. అంటే ఒకే నమ్మకం ఉన్నవాళ్ళు ఒకటి కాలేకపోవడం మొదటి శతాబ్దంలోనే మొదలైంది.

*

‘అంటరాని వసంతం’ దగ్గరికి ఇక్కడి నుంచి వెళ్ళాలి. ఆ నవలని ఇప్పటికి మూడుసార్లు చదివాను. రూతు జ్ఞాపకం చేసుకుంటూ ఉంటుంది. భర్త రూబేను చెప్పినవి, రూబేనుకి వేరేవాళ్ళు చెప్పినవి. ఎన్నెలదిన్ని, పాటలు కట్టిన ఎల్లన్న, సుభద్ర, వాళ్ళ కొడుకు శివయ్య. కరువులో కాలువ పనికి బయల్దేరిన శివయ్యకి అక్కడ కూడా కులం ఎదురవుతుంది. ఆ దారిలోనే శివయ్య సీమోను అవుతాడు. తర్వాతి తరాలు రూబేను, ఇమ్మానుయేలు, జెస్సీ. పేర్లు చూస్తేనే కథ తెలుస్తుంది, అవి పాలెం నుంచి బైబిల్లోకి వెళ్తాయి. మనుషులు మాత్రం బైబిల్ పేర్లతోనే విప్లవంలోకి వెళ్తారు.

కళ్యాణరావు వాక్యం చిన్నది. చెప్పిందే మళ్ళీ చెబుతుంది, కొంచెం మార్చి. కొందరికి అది విసుగు. నాకు మాత్రం అది పల్లెలో ముసలివాళ్ళు కథ చెప్పే తీరులా వినిపిస్తుంది, చదువురాని జ్ఞాపకం ఎలా నిలుస్తుందో చూపిస్తుంది. ఎమ్మా క్లౌ పుస్తకంలో అందరి కథలూ నది ఒడ్డుకి చేరడానికే నడుస్తాయి. నీళ్ళలో మునిగాక ఏమైందన్నది ఆమెకి పెద్ద ప్రశ్న కాదు. కళ్యాణరావు అదే ప్రశ్న వేశాడు. మునిగి లేచాక భూమి ఎవరిది, కులం ఏమైంది, పేరు మారితే మనిషి మారాడా? ఆ ప్రశ్నలు అడిగినందుకే మన క్రైస్తవ జీవితం గురించి తెలుగులో వచ్చినవాటిలో ఈ నవలని ముందు వరసలో పెడతాను.

కానీ నాకొక ఫిర్యాదు ఉంది. నవలకి సంఘంలోకి వెళ్ళేదారి తెలుసు, బయటికొచ్చేదారి తెలుసు. లోపల ఎలా ఉంటుందో చెప్పేటప్పుడు గొంతు పలచబడుతుంది. ఎల్లన్న పాట గురించి చెప్పేటప్పుడు ఉన్న తడి, ఒక ప్రార్థన కూటం గురించి చెప్పేటప్పుడు కనపడదు. మతం ఒక మజిలీ, పోరాటం గమ్యం అన్న నిశ్చయం ముందే ఉండడం వల్ల మజిలీలో ఎవరూ తీరిగ్గా కూర్చోరు. ఎక్కడికీ వెళ్ళకుండా అక్కడే ఉండిపోయిన లక్షలమంది సంగతేమిటి? మా నాయనమ్మ విప్లవంలోకి వెళ్ళలేదు. వందేళ్ళ కిందటి మూడు ‘వద్దు’ల్నే అంటిపెట్టుకుని, ఆదివారం ఆదివారం అదే బెంచీ మీద కూర్చుంది. ఆమె జీవితంలో పోరాటం లేదని ఆ నవల చదివాక అనలేను. కానీ ఆ నవలలో ఆమె లేదు.

ఆమె ఉన్నది ఇంకో పుస్తకంలో, ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’లో. మన విమర్శకులు దాన్ని సాహిత్యంగా చదవరు, చర్చివాళ్ళు దాన్ని విమర్శగా చదవరు. బాప్తిస్మం ఎలా ఇవ్వాలన్న దగ్గర ఒకరితో ఒకరు ఒప్పుకోని బాప్టిస్టులూ లూథరన్లూ దక్షిణ ఇండియా సంఘంవాళ్ళూ, అందరూ పాడుకునే పాటలున్న పుస్తకం అది. పాట పైన రాగం, తాళం ఉంటాయి. పల్లవి, చరణాలు ఉంటాయి. అందులో ముఖ్యమైన కవి పురుషోత్తమ చౌదరి (1803-1890), బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి క్రైస్తవుడైనవాడు. ఆయన భాషలో సంస్కృత సమాసాలు దండిగా ఉంటాయి. ఆ సమాసాలని చదువురాని మా నాయనమ్మ తప్పు లేకుండా పాడేది. వాటి అర్థం అడిగితే సగం చెప్పగలిగేది. ఆయన బంధువులు ఆమెలాంటివాళ్ళ నీడ పడితే స్నానం చేసే కాలంలో ఆయన రాసిన మాటలు, ఆమె నోట్లో సొంత మాటలైపోయాయి. సిద్ధాంతాలు చేయలేని పని రాగం చేసింది. నలభైమంది ఒకే చోట ఊపిరి తీసుకుని, ఒకే చోట వదలాలి. ఎవరేం నమ్ముతున్నారో ఆ క్షణంలో ఎవరూ తనిఖీ చేయరు. పెళ్ళి దగ్గర విడిపోయే రెండు కులాలు పాట దగ్గర మాత్రం ఒకే చరణం పాడతాయి. ఇది చాలదని నాకు తెలుసు. ఇది ఏమీ కాదని మాత్రం అనలేను.

*

ఇప్పటి సంగతి. హైదరాబాద్‌లో నేను అప్పుడప్పుడు వెళ్ళే సంఘంలో కీర్తనల పుస్తకం లేదు, తెర మీద సాహిత్యం వస్తుంది. వచ్చేవాళ్ళు ఒకరికొకరు చుట్టాలు కాదు. వేరువేరు జిల్లాలు, వేరువేరు మిషన్లు. ఆ రకంగా చూస్తే గుండ్లకమ్మ ఒడ్డున సాధ్యం కానిది ఇక్కడ సాధ్యం కావాలి. కొంత అయ్యింది కూడా, కులాంతరం పెళ్ళిళ్ళు రెండు నా కళ్ళముందే జరిగాయి. ఇక్కడ కూడా ‘వద్దు’లున్నాయి. సినిమాలు వద్దు, బొట్టు వద్దు, ప్రసాదం వద్దు. ఆఫీసులో ఆయుధ పూజ రోజు పక్క సీటు అమ్మాయి ప్రేమగా పెట్టిన లడ్డూని ఎలా తప్పించుకోవాలో మా కూటంలో ఒకసారి అరగంట చర్చ జరిగింది. నేను విని ఊరుకున్నాను. ఆ రాత్రి ఎమ్మా క్లౌ పుస్తకం తీసి మళ్ళీ ఆ మూడు నియమాలు చదివాను. వాళ్ళు ‘వద్దు’ అన్నది తమ మెడ మీద కాలు పెట్టినవాడితో. మేము ‘వద్దు’ అంటున్నది మాతో కలిసి అన్నం తినే అమ్మాయితో. రెండూ గుంపుని దగ్గర చేస్తాయి, ఆ మాట నిజం. కానీ మొదటిదానికి వాళ్ళు గింజలు పోగొట్టుకున్నారు, దెబ్బలు తిన్నారు. రెండోదానికి మేమేం చెల్లిస్తున్నాం? చెల్లించేది ఆ అమ్మాయే, చిన్నబుచ్చుకుని.

అలాగని ఈ రోజు నమ్మకానికి ధర లేదని కాదు. ధర ఉన్న చోట మేం మాట్లాడం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డ్ కులాల హోదాని హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి తలుపు తెరుచుకుంది. క్రైస్తవులకి తెరుచుకోలేదు. మన రాష్ట్రాల్లో క్రైస్తవంలోకి వెళ్ళిన ఎస్సీలు కాగితం మీద బీసీ-సీ. అందువల్ల ఎన్నో ఇళ్ళలో రెండు పేర్లు, రెండు మతాలు. ఆదివారం ఒకటి, సర్టిఫికెట్‌లో ఒకటి. శివయ్య సీమోను అయ్యాడని నవల చెప్పింది. సీమోను మళ్ళీ ఎంఆర్‌ఓ ఆఫీసులో శివయ్య అయ్యే కథ ఇంకా ఎవరూ సరిగ్గా రాయలేదు. ఆ కథలో పిరికితనం ఉంది, లౌక్యం ఉంది, అన్యాయమైన చట్టం ఉంది, పిల్లల చదువు ఉంది. బహిరంగంగా ఒప్పుకోవడమే నమ్మకానికి ఊపిరి అని మొదలైన సంఘం, ఒప్పుకోలేని స్థితిని పక్కవాడికి కూడా చెప్పుకోకుండా పంచుకుంటోంది. మా సంఘంలో మమ్మల్ని నిజంగా ఒకటి చేస్తున్న విషయం అదేనేమోనని కొన్ని ఆదివారాలు అనిపిస్తుంది. ఒకరి రహస్యం ఇంకొకరు అడగకపోవడం.

ఎమ్మా క్లౌ పుస్తకాన్ని చదవమని చెబుతాను, దొరసాని గొంతుని ఓర్చుకుంటూ, లోపల మాట్లాడుతున్నవాళ్ళని వింటూ. ‘అంటరాని వసంతం’ చదవనివాళ్ళు ఇంకా ఉంటే ముందు అదే చదవండి. మధ్యమధ్యలో కీర్తనల పుస్తకం తిరగెయ్యండి, నమ్మకం ఉన్నా లేకపోయినా. మూడింటిలో ఏదీ ఒక్కటే పూర్తి కథ చెప్పదు.

నాయనమ్మ నాలుగేళ్ళ కిందట పోయింది. రేషన్ కార్డులో ఒక పేరు, సంఘం పుస్తకంలో ఇంకో పేరు. ఏది చెక్కించాలన్న చర్చ జరిగి, చివరికి సమాధి రాయి మీద రెండూ చెక్కించాం. పెట్టె మోయడానికి మా చుట్టాలు కానివాళ్ళు కూడా ముందుకొచ్చారు. దారి పొడుగునా పాడారు, ఎవరి చేతిలోనూ పుస్తకం లేదు. రెండో చరణం దగ్గర నేను కూడా పాడుతున్నానని నాకే ఆలస్యంగా తెలిసింది. నువ్వు ఇవన్నీ నమ్ముతావా అని ఆ రోజు నన్నెవరూ అడగలేదు. మర్నాడు ఆదివారం. బడలికగా ఉండి నేను గుడికి వెళ్ళలేదు. పొద్దుగూకేలోపల నలుగురొచ్చి తలుపు కొట్టారు.